నచ్చలేదు సరే, ఎక్కడ నచ్చలేదు?

ప్రశ్న: నెల రోజుల్లో ఐదు సినిమాలు చూశాను. ‘12 యాంగ్రీ మెన్’లో ఒకే గది, పన్నెండు మంది మాటలు, అయినా విసుగు రాలేదు, ఎందుకో చెప్పలేను. ‘టోక్యో స్టోరీ’ మరీ నిదానం, మధ్యలో నిద్రపట్టింది. ‘సైకో’ గురించి ముందే అంతా తెలుసు కాబట్టి భయం వేయలేదు. ‘పారాసైట్’ మొదటి సగం అద్భుతం, తర్వాత పాడుచేశారు. ‘రషోమాన్’లో చివరికి ఎవరు చంపారో చెప్పలేదు, మోసపోయినట్టు అనిపించింది. ఇవన్నీ గొప్ప సినిమాలంటారు. నా అభిప్రాయాలు తప్పా? నలుగురిలో మాట వచ్చినప్పుడు నచ్చాయని చెప్పేయడమే మేలా?

సమాధానం:

వద్దు. నచ్చనిదాన్ని నచ్చిందని చెప్పకండి. ఒకసారి అలా చెప్పడం మొదలుపెడితే, కొన్నాళ్లకు మీకు నిజంగా ఏది నచ్చిందో మీకే తెలియకుండా పోతుంది. అలా పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. పదిమంది మెచ్చినదాన్ని మెచ్చుకుంటారు, పదిమంది తిట్టినదాన్ని తిడతారు. తమను కదిలించిన సన్నివేశం ఒక్కటి చెప్పమంటే మాత్రం చెప్పలేరు. మీరు నిద్రపట్టిందని, మోసపోయినట్టు అనిపించిందని దాచుకోకుండా రాశారు. అందుకే ఇంత పొడుగు జవాబు రాయాలనిపించింది.

ఈ ఐదు సినిమాల కథలూ ముగింపులతో సహా కింద వస్తాయి. చూడనివాళ్లు ముందు చూసి వస్తే మంచిది.

నేను ముప్పై ఏళ్లకు పైగా సినిమా ఎడిటర్‌గా పనిచేశాను. మొదట్లో ఫిల్మును చేత్తో కోసి అతికించేవాళ్లం. తర్వాత అదంతా కంప్యూటర్ మీదికి వచ్చింది. ఆ ఎడిటింగ్ గదిలో ప్రేక్షకుడి గురించి నేర్చుకున్న ఒక పాఠం మీ ప్రశ్నకు సరిగ్గా సరిపోతుంది. ఒక సినిమాను విడుదలకు ముందు ఓ పదిహేను మందికి వేసి చూపించాం. దాదాపు అందరూ ఒకే మాట అన్నారు: చివర బాగా సాగదీశారు. సరేనని పతాక సన్నివేశంలో రెండు నిమిషాలు తీసేశాం. మరో పదిహేను మందికి చూపిస్తే మళ్లీ అదే మాట. ఇంకో రెండు నిమిషాలు తీశాం. అదే మాట. దర్శకుడికీ నాకూ నిద్ర కరువైంది. చివరికి తేలిందేమిటంటే, లోపం చివర లేనే లేదు. దానికి నలభై నిమిషాల ముందు, అక్క తమ్ముడికి వచ్చిన ఒక ఉత్తరాన్ని దాచిపెట్టే చిన్న సన్నివేశం ఉండేది. నిడివి ఎక్కువైందని దాన్ని మేమే తీసేశాం. అది లేకపోవడంతో, ఆఖర్న ఆ అక్క ఏం పోగొట్టుకుంటోందో చూసేవాళ్లకు తెలియలేదు. తెలియనప్పుడు కంగారు ఉండదు, కంగారు లేనప్పుడు ‘ఎప్పుడు అయిపోతుందా’ అని చూస్తారు. ఉత్తరం సన్నివేశాన్ని తిరిగి పెట్టి, పతాక సన్నివేశాన్ని కూడా మొదటి నిడివికి తెచ్చి చూపించాం. ‘ఇప్పుడు బాగా తగ్గించారు, చక్కగా ఉంది’ అన్నారు. సినిమా నిజానికి ఆరు నిమిషాలు పెరిగింది.

చూసేవాళ్లకు కలిగిన ఇబ్బంది ఎప్పుడూ నిజమే. దానికి వాళ్లు చెప్పే కారణం మాత్రం చాలాసార్లు నిజం కాదు. అప్పటినుంచి ఎవరైనా ‘నచ్చలేదు’ అంటే ఎందుకు అని అడగడం మానేశాను. ఎందుకు అని అడిగితే మనిషి ఆలోచించి ఒక కారణం కల్పిస్తాడు. ఎక్కడ అని అడిగితే గుర్తు తెచ్చుకుంటాడు. మీ ఐదు అభిప్రాయాల్నీ ఆ ప్రశ్నతోనే చూద్దాం.

‘12 యాంగ్రీ మెన్’తో మొదలుపెడతాను. మీకు నచ్చింది, ఎందుకో తెలియలేదు. 1957లో వచ్చిన ఈ సినిమా నిడివి 96 నిమిషాలు. దర్శకుడు సిడ్నీ లూమెట్‌కు ఇదే మొదటి సినిమా. అంతకుముందు ఆయన టెలివిజన్‌లో ప్రత్యక్ష ప్రసార నాటకాలు తీసేవాడు. ఈ కథ కూడా 1954లో రెజినాల్డ్ రోజ్ టెలివిజన్ కోసం రాసిన నాటకమే. ఒక హత్య కేసులో నిందితుడు దోషా కాదా అన్నది పన్నెండు మంది పౌరులు, అంటే జ్యూరీ, ఒకే మాట మీదికి వచ్చి తేల్చాలి. సినిమాలో వాళ్లు కూర్చున్న గది బయట గడిచేది మొత్తం మీద కొద్ది నిమిషాలే. అయినా మీ చూపు ఎందుకు చెదరలేదు?

ఓట్ల లెక్క ఈ సినిమాకు గడియారం. మొదటి ఓటింగ్‌లో 11 మంది దోషి అంటారు, ఒక్కడు కాదంటాడు. ఆ క్షణం నుంచి, ఎవరెన్ని వాదనలు చేసినా, మీ మనసులో ఒక అంకె తిరుగుతూనే ఉంటుంది. ఇంకొకరు మారారు, మరొకరు మారారు. సరిగ్గా 6–6 అయ్యాక కథ ఊపిరి తీసుకుంటుంది; బయట వాన మొదలవుతుంది. అంతవరకు ఉక్కపోతలో పనిచేయని ఫ్యాను, చీకటి పడుతోందని దీపాల స్విచ్చి వేయగానే తిరుగుతుంది. ఎవరూ దాని గురించి పెద్దగా మాట్లాడరు. కానీ గదిలో గాలి మారిందని చూస్తున్న మీ ఒంటికి తెలుస్తుంది.

రెండో సంగతి కంటికి కనిపించేది, కానీ ఎవరూ గమనించనిది. లూమెట్ స్వయంగా చెప్పిన విషయం ఇది. మొదటి మూడో వంతును కెమెరాను కంటి మట్టానికి పైన ఉంచి తీశాడు, రెండో భాగాన్ని కంటి మట్టంలో, చివరి భాగాన్ని దానికి కింది నుంచి. చివరికొచ్చేసరికి గది పైకప్పు కూడా కనిపిస్తుంది. దాంతో పాటు కథ నడిచేకొద్దీ, దూరాన్ని దగ్గరగా చూపే పొడవైన లెన్సులకు మారుతూ పోయాడు. దానివల్ల గోడలు మనుషుల వీపుల వైపు జరిగి జరిగి దగ్గరైనట్టు ఉంటాయి. గది మారలేదు, బల్ల మారలేదు, మీకు మాత్రం ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది. అంతా అయ్యాక, న్యాయస్థానం మెట్ల మీదికి వచ్చినప్పుడు ఒక్కసారిగా విశాలమైన దృశ్యం. అక్కడ మీరు ఒక నిట్టూర్పు విడిచి ఉంటారని నా నమ్మకం. ఆ నిట్టూర్పే మీ అభిప్రాయం. ‘ఒకే గది అయినా విసుగు రాలేదు’ అన్నారు కదా, నిజానికి మీరు చూసింది ఒకే గది కాదు. మెల్లగా కుంచించుకుపోయే గది. నమ్మకం కలగకపోతే మొదటి ఐదు నిమిషాలు, చివరి ఐదు నిమిషాలు మాటలు వినిపించకుండా చేసి పక్కపక్కన పెట్టి చూడండి.

ఇక ‘సైకో’. దీని గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే మీ మాటలో నిజం ఉంది. 1960లో ఈ సినిమా విడుదలైనప్పుడు, ఆట మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వవద్దని దర్శకుడు హిచ్‌కాక్ పట్టుబట్టాడు. కథానాయిక అనుకున్న మనిషి సగం కూడా గడవకముందే చనిపోవడం ఆనాటి ప్రేక్షకుడి కాళ్ల కింద నేల లాగేసింది. అరవై ఏళ్ల తర్వాత ఆ నేల మీకు ముందే లేదు. ఆమె హత్య జరిగే స్నానాల గది సన్నివేశాన్ని ఏడు రోజులు తీశారని, అక్కడ సంగీతమే వద్దని హిచ్‌కాక్ మొదట అనుకున్నాడని, సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ కేవలం తీగ వాద్యాలతో కట్టిన ముక్క విన్నాక మనసు మార్చుకున్నాడని తెలిసినా భయం తిరిగి రాదు. దాన్ని అనుకరించినవి మీరు ఇప్పటికే ఎన్ని చూసి ఉంటారో.

అయితే ఆ సన్నివేశాన్ని వదిలేసి దాని తర్వాతి పది నిమిషాలు చూడండి. ఆమె దిగిన హోటలు నడిపే నార్మన్ ఆ గదిని ఓపిగ్గా కడుగుతాడు. శవాన్ని కారులో పెట్టి, కారును బురదగుంటలోకి తోస్తాడు. మాటలు దాదాపు లేవు. కారు మునుగుతూ మునుగుతూ మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు మీకేమనిపించింది? ‘అయ్యో, మునగదా ఏమిటి’ అనిపించి ఉంటే, కాసేపటి క్రితం చనిపోయిన అమ్మాయిని వదిలేసి మీరు హత్యను దాచేవాడి పక్షాన చేరిపోయారు. నాకు ఈ సినిమాలో భయం వేసేది అక్కడ. కథ ముందే తెలిసినా అది పనిచేస్తుంది. చివర్లో ఒక మానసిక వైద్యుడు వచ్చి అంతా విడమరిచి చెప్పే సన్నివేశం మాత్రం నాకు ఎన్నిసార్లు చూసినా బరువుగానే ఉంటుంది. దాన్ని కత్తిరించే అవకాశం నాకే ఉంటే రెండు మాటలు ఉంచి మిగతాది తీసేసేవాణ్ని.

‘పారాసైట్’ విషయంలో మీతో కొంత వాదించాలి. 2019లో కాన్ చలనచిత్రోత్సవంలో ప్రధాన పురస్కారం, ఆ తర్వాత 2020లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకున్న సినిమా ఇది. ఆంగ్లేతర భాషా చిత్రానికి ఆ ఆస్కార్ రావడం అదే మొదటిసారి. ఆ పురస్కారాల వల్ల మీ అభిప్రాయం తప్పు అయిపోదు. కానీ ఎక్కడ పాడైందని అడిగితే మీరు చూపించే చోటు నాకు తెలుసనుకుంటున్నాను: వాన కురుస్తున్న రాత్రి, ధనికుల ఇంట్లో ఒక్కొక్కరుగా పనికి చేరిన పేద కిమ్ కుటుంబం, యజమానులు లేనప్పుడు అక్కడే తాగుతూ కూర్చుంటే గుమ్మం దగ్గర గంట మోగుతుంది. పాత పనిమనిషి వచ్చి నిలబడుతుంది. దాదాపు గంట సేపు మీరు హాయిగా నవ్వుకున్న సినిమా అక్కడ తలకిందులవుతుంది.

ఆ గంటసేపు మీరు దేనికి నవ్వారో ఒకసారి గుర్తు చేసుకోండి. పీచ్ పండు నూగుతో ఆ పనిమనిషికి జబ్బు అంటగట్టి ఉద్యోగం ఊడగొట్టిన వరుసను చూసి ముచ్చటపడి ఉంటారు. కూర్పు పరంగా ఆ వరుస ఎంత బాగుంటుందంటే, ఎడిటర్‌గా నాకు అసూయ కలుగుతుంది. పథకం వేయడం, సాధన చేయడం, అమలు చేయడం మూడూ ఒకే ఊపులో కలిసిపోయి జారిపోతాయి. ఆ జారుడులోనే మీరూ నేనూ ఒక మనిషి పొట్ట కొట్టడాన్ని ఆటగా చూశాం. ఆవిడ మళ్లీ గుమ్మంలోకి వచ్చినప్పుడు ఆట చెడిందని మీకు అనిపించడం సహజం. అక్కడ చెడింది మన ఆట. సినిమా తన లెక్క తాను చెబుతోంది. దర్శకుడు బాంగ్ జూన్ హో ఆ మలుపును మొదటి నుంచీ మెట్ల రూపంలో సిద్ధం చేసి పెట్టుకున్నాడు. ధనికుల ఇల్లు కొండ మీద ఉంటుంది, అక్కడికి ఎక్కాలి. ఆ ఇంట్లోనే కిందికి మరో మెట్ల వరుస ఉంది. అదే రాత్రి తండ్రీ పిల్లలూ వానలో పారిపోతూ దిగుతారు, దిగుతూనే ఉంటారు, నీళ్లు వాళ్లకంటే ముందు కిందికి చేరుకుంటాయి. ఆ ఇంటిని సినిమా కోసమే సెట్‌గా కట్టారు. వరదలో మునిగే వీధిని కూడా నీటి తొట్టిలో నిర్మించారు. ఏ మెట్టు ఎక్కడ ఉండాలో ముందే నిర్ణయించుకుంటే తప్ప అలా కట్టరు.

ఒక్క విషయంలో మీ పక్షాన ఉంటాను. పుట్టినరోజు వేడుకలో జరిగే హింస అంత త్వరగా, అంత గుంపుగా వచ్చిపడడంతో, కిమ్ తండ్రి యజమానిని పొడిచేయడం నాకు మొదటిసారి నమ్మబుద్ధి కాలేదు. రెండోసారి చూసినప్పుడు అతని ముఖాన్నే చూస్తూ కూర్చున్నాను. యజమాని ముక్కు మూసుకునే క్షణం దాకా పేదవాళ్ల ఒంటి వాసన గురించిన మాటలు ఎన్నిసార్లు వచ్చాయో అప్పుడు లెక్కకు వచ్చింది. మీరు ‘పాడుచేశారు’ అన్నది గంట మోగినప్పటినుంచా, వేడుక నుంచా? ఈ రెండూ వేరు వేరు అభిప్రాయాలు. మొదటిదైతే మీకు ఒక తరహా సినిమా కావాల్సింది, మరో తరహా వచ్చింది. రెండోదైతే అది సినిమా మీద గట్టి విమర్శ. నలుగురిలో ధైర్యంగా చెప్పవచ్చు.

‘రషోమాన్’ గురించి మీరు రాసిన ‘మోసపోయినట్టు’ అన్న మాట నాకు చాలా నచ్చింది. అకిరా కురొసావా 1950లో తీసిన ఈ సినిమా నిడివి గంటన్నర కూడా లేదు. 1951లో వెనిస్ చలనచిత్రోత్సవంలో ప్రధాన పురస్కారం గోల్డెన్ లయన్ గెలుచుకుంది. అడవిలో ఒక సమురాయ్ చనిపోయాడు. బందిపోటు, సమురాయ్ భార్య, పూనకం వచ్చిన స్త్రీ నోట మాట్లాడే చనిపోయినవాడి ఆత్మ, కట్టెలు కొట్టేవాడు, ఈ నలుగురూ తలా ఒక కథ చెబుతారు. మీరు ఇంతవరకు చూసిన హత్య కథల్లో అనుమానితులు ఏమంటారు? ‘నేను చంపలేదు’ అంటారు. ఇక్కడ వినండి. బందిపోటు తానే చంపానంటాడు. భార్య తన చేతిలోని బాకే భర్త గుండెలో దిగి ఉందంటుంది. చనిపోయినవాడు తనను తానే పొడుచుకున్నానంటాడు. ముగ్గురూ ఆ చావును తమదేనని చెప్పుకుంటున్నారు. శిక్ష తప్పించుకోవడానికి అబద్ధమాడేవాళ్లు అలా చెప్పరు. బందిపోటుకు తాను గొప్ప కత్తియోధుడు కావాలి, భార్యకు తాను అవమానం భరించలేకపోయిన స్త్రీ కావాలి, సమురాయ్‌కి తాను గౌరవంగా చనిపోయినవాడు కావాలి. తర్వాత కట్టెలు కొట్టేవాడి కథలో అదే కత్తిపోరు చూడండి. ఇద్దరూ వణుకుతుంటారు, పడిపోతుంటారు, ఆకుల్లో దొర్లుతుంటారు. వీరత్వం పైసా ఎత్తు లేదు. అప్పుడు ఆ ముగ్గురి అబద్ధాలకు కారణం తెలుస్తుంది.

చిత్రీకరణ మొదలయ్యే ముందు సహాయ దర్శకులు ముగ్గురు కురొసావా దగ్గరికి వెళ్లి స్క్రిప్టు అర్థం కాలేదన్నారట. మనిషి తన గురించి తనతో కూడా నిజాయితీగా ఉండలేడని, తనను మెరుగుపరుచుకోకుండా తన గురించి చెప్పుకోలేడని, ఈ కథ అదేనని ఆయన వాళ్లకు వివరించినట్టు తన ఆత్మకథలో రాసుకున్నాడు. కాబట్టి మొదటిసారి అర్థం కాకపోవడంలో మీకు మంచి తోడే ఉంది.

అయితే ‘మోసపోయినట్టు’ ఎక్కడ అనిపించింది? నా ఊహ చెబుతాను. విచారణ జరిగే ఆవరణలో సాక్షులు నేల మీద కూర్చుని నేరుగా కెమెరా వైపు చూస్తూ మాట్లాడతారు. అడిగేవాడు కనిపించడు, అతని గొంతు కూడా వినిపించదు. వాళ్లు ఎవరికి జవాబు చెబుతున్నారు? మీకే. ఆ సినిమా మిమ్మల్ని న్యాయమూర్తి పీట మీద కూర్చోబెట్టింది, తీర్పు చెప్పేంత ఆధారం మాత్రం చేతికివ్వలేదు. మీకు కోపం రావడం ఆ కూర్పు సరిగ్గా పనిచేసిందనడానికి గుర్తు. కథ మిమ్మల్ని మోసం చేసిందని కాక, ‘తీర్పు చెప్పాల్సిన చోట కూర్చోబెట్టి చెప్పనివ్వలేదు’ అని అనండి. అదే అభిప్రాయం, అదే కోపం. కానీ ఇప్పుడు అది సినిమా గురించిన మాట అయింది.

ఈ సినిమాలో నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెట్టేది వేరే ఉంది. ఆఖర్న, ఈ కథలు చెప్పుకుంటూ మనుషులు వానకు తలదాచుకున్న పాత ద్వారం దగ్గర దిక్కులేని పసిబిడ్డ దొరకడం, కట్టెలు కొట్టేవాడు దాన్ని పెంచుకుంటానని తీసుకువెళ్లడం, వాన వెలవడం. అంతసేపు ఎవరినీ నమ్మవద్దన్న సినిమా చివరి కొద్ది నిమిషాల్లో నమ్మమని తొందరపెడుతుంది. ఇది నా అభిప్రాయం. ఆ ముగింపు లేకపోతే సినిమా భరించలేనంత చీకటి అవుతుందని నా గురువు వాదించేవాడు. ఆ వాదన మా ఇద్దరి మధ్య చాలా ఏళ్లు నడిచింది, తేలలేదు. అయినా ఆ వానను మాత్రం ఇద్దరం ఒప్పుకునేవాళ్లం. లేత బూడిద రంగు ఆకాశం ముందు నీళ్లు కనిపించవని, ఆ వాన నీళ్లలో నల్ల సిరా కలిపారు. అడవిలో ఎండను అద్దాలతో మళ్లించి నటుల ముఖాల మీద వేశారు. ఛాయాగ్రాహకుడు కజువో మియాగవా కెమెరాను ఏకంగా సూర్యుడి వైపే తిప్పాడు. కథ నచ్చకపోయినా ఆ వెలుగూ నీడా మీ కంటికి ఏం చేశాయో అడుగుతున్నాను. దాని గురించి మీరు ఒక్క మాటా రాయలేదు.

ఇప్పుడు ‘టోక్యో స్టోరీ’. కావాలనే చివరికి ఉంచాను, ఎందుకంటే నాకూ మొదటిసారి నచ్చలేదు. ఇరవై నాలుగేళ్ల వయసులో చూశాను. నిద్రపోలేదు కానీ, వేగంగా కోయడమే గొప్ప అనుకునే రోజులవి, ఒక్కో షాటు దగ్గర వేళ్లు దురద పెట్టేవి. ఇక్కడ కోయవచ్చు కదా, ఇంకా ఎందుకు ఆగాడు అని. 2012లో ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక అన్నిటికంటే గొప్ప సినిమా ఏదని ప్రపంచవ్యాప్తంగా దర్శకుల ఓట్లు అడిగితే ఈ సినిమాకే మొదటి స్థానం వచ్చింది. నేను మాత్రం ఆ ఓట్ల కంటే ఎన్నో ఏళ్ల ముందే, నలభై దాటాక మరోసారి చూసి మనసు మార్చుకున్నాను.

యసుజిరో ఓజు 1953లో తీసిన ఈ సినిమా 136 నిమిషాలు. వృద్ధ దంపతులు దూరపు ఊరి నుంచి టోక్యోలోని పిల్లల్ని చూడడానికి వస్తారు. కొడుకు వైద్యుడు, కూతురికి జుట్టు అలంకరించే దుకాణం. ఎవరి పని వాళ్లది. యుద్ధంలో పోయిన కొడుకు భార్య నొరికో ఒక్కతే సెలవు పెట్టి వాళ్లను తిప్పి చూపిస్తుంది. తిరిగి వెళ్లాక తల్లి చనిపోతుంది. ఇంతే. ఓజు కెమెరాను నేల మీద కూర్చున్న మనిషి కంటి ఎత్తుకో, ఇంకా కిందికో దించి దాదాపు కదల్చకుండా ఉంచుతాడు. మాట్లాడేవాళ్లు దాదాపు మన వైపే చూస్తూ మాట్లాడతారు. మనుషులు వెళ్లిపోయాక కూడా ఖాళీ వాకిలినో, పొగగొట్టాలనో, పడవలనో కాసేపు చూపిస్తాడు. మామూలు సినిమాలో ఎడిటర్ పని అలాంటి ఖాళీలను తీసేయడం. ఇక్కడ వాటినే ఉంచి, మనం పెద్ద సన్నివేశాలు అనుకునేవి తీసేశాడు. టోక్యోకి రైలు ప్రయాణం లేదు: సామాను సర్దుకుంటూ ఉంటారు, తర్వాత చూస్తే టోక్యోలో ఉంటారు. తల్లి ప్రాణం పోయే క్షణం కూడా లేదు. తెల్లవారేదాకా ఉండదని తెలుస్తుంది. తర్వాత ఎవరూ లేని రేవు, నిశ్శబ్దమైన ఊరు. ఆ తర్వాత పిల్లలు మంచం చుట్టూ కాదు, శవం చుట్టూ కూర్చుని ఉంటారు.

మీరు ‘నిదానం’ అన్నారు. నిజానికి ఇంత చకచకా పెద్ద సంగతుల్ని దాటిపోయే సినిమాలు తక్కువ. నిదానంగా అనిపించడానికి కారణం, ఆగిన చోట్లు మనకు అలవాటైన చోట్లు కాకపోవడమే.

ఇంతకీ మీకు నిద్ర ఎక్కడ పట్టింది? ఇది నిజంగా తెలుసుకోవాలని ఉంది. సినిమా సగం దగ్గర, పిల్లలు తమ వీలు కోసం ఆ ముసలివాళ్లను అతామి అనే సముద్రతీరపు విడిదికి పంపేస్తారు. రాత్రంతా గోల, నిద్ర ఉండదు. పొద్దున్నే ఇద్దరూ సముద్రపు గోడ మీద కూర్చుంటారు. లేచేటప్పుడు ఆవిడకు తల తిరుగుతుంది, ఒక్క క్షణం కిందికి ఒరిగి, సర్దుకుని నడుస్తుంది. అంతే. సంగీతం హెచ్చరించదు, ముఖాన్ని దగ్గరగా చూపించరు. అంతకుముందు, గడ్డి మీద ఆడుకునే మనవణ్ని చూస్తూ, వీడు పెద్దవాడయ్యేనాటికి తాను ఉంటుందో లేదో అని ఆవిడ అనుకుంటుంది. ఈ రెండూ మీరు చూడకపోతే ఆవిడ చావు ఊడిపడినట్టు ఉంటుంది, చివరి అరగంట చల్లగా గడిచిపోతుంది. నేను పైన చెప్పిన ఉత్తరం సన్నివేశం గుర్తుందా? సరిగ్గా అదే. అక్కడ మేం కోసేశాం, ఇక్కడ మీ నిద్ర కోసేసి ఉండవచ్చు.

తండ్రి వేషం వేసిన చిషూ ర్యూకు అప్పటికి నలభై తొమ్మిదేళ్లు. వేసింది డెబ్బై ఏళ్ల మనిషి పాత్ర. ఆయన ముఖంలో ఏ భావమూ కనిపించదని కొందరు అంటారు. సుమారు వందేళ్ల క్రితం సోవియట్ దర్శకుడు కులెషోవ్ ఒకే నటుడి ఒకే ముఖాన్ని ఒకసారి సూప్ గిన్నె పక్కన, మరోసారి శవపేటిక పక్కన అతికించి చూపిస్తే, అతని నటనలో ఆకలినీ దుఃఖాన్నీ ప్రేక్షకులు మెచ్చుకున్నారని ఆయన శిష్యుడు పుదోవ్‌కిన్ రాశాడు. చూసేవాడు తన దగ్గరున్నది ఆ ముఖంలో పోస్తాడు. భార్య పోయిన తెల్లవారుజామున ఆ ముసలాయన బయట నిలబడి ఉంటాడు, కోడలు వెతుక్కుంటూ వస్తుంది. సూర్యోదయం చక్కగా ఉందని, ఈ రోజు కూడా ఎండ ఎక్కువగానే ఉంటుందని చెప్పి ఇంట్లోకి నడుస్తాడు. ఇరవై నాలుగేళ్లప్పుడు అందులో నాకు వాతావరణం గురించిన మాట వినిపించింది. రెండోసారి చూసేనాటికి నేను కూడా మా నాన్న ఫోను చేసినప్పుడల్లా ‘పనిలో ఉన్నాను, తర్వాత మాట్లాడతాను’ అన్న కొడుకును. అప్పుడు పూర్తిగా చూడలేక కాసేపు ఆపేశాను. ఆ షాటులో ఒక్క ఫ్రేము కూడా మారలేదు.

అందుకని మీ అభిప్రాయం తప్పు అనలేను. అది ఈ నెలలో, ఈ వయసులో, ఆ రాత్రి అలసటతో, మీకున్న తెర మీద, మధ్యలో ఫోను మోగితే మోగిన ఫోనుతో సహా ఏర్పడింది. అవి కూడా చెప్పండి. ‘బాగా అలసిపోయి చూశాను, అతామి దగ్గర నిద్రపట్టింది’ అనేది ‘మరీ నిదానం’ అనేదానికంటే ఎంతో నిజమైన మాట. వినేవాడికి జవాబు చెప్పడానికి దారి కూడా ఉంటుంది.

నలుగురిలో మాట వచ్చినప్పుడు ఏం చెప్పాలో వెంటనే తోచకపోతే ఒక చిన్న అలవాటు చేసుకోండి. సినిమా అయిన వెంటనే ఎవరి సమీక్షా చదవకండి. మర్నాడు పొద్దున, కథ గురించి కాక, కళ్లు మూసుకుంటే కనిపించే మూడు దృశ్యాలు రాసుకోండి. చూస్తూండగా టైము ఎంతయిందని మొదటిసారి ఎప్పుడు చూసుకున్నారో అదీ రాసుకోండి. నాకు సినిమా పత్రికల్లో చదివిన చాలా విశ్లేషణలకంటే, మా ఇంట్లోవాళ్లు ‘అక్కడ లేచి నీళ్లు తాగడానికి వెళ్లాను’ అని చెప్పిన మాటలే పనిలో ఎక్కువ ఉపయోగపడ్డాయి.

ఐదింటిలో ఏదైనా మళ్లీ చూసే ఓపిక ఉంటే, ‘టోక్యో స్టోరీ’ని పొద్దున పూట చూడండి. ఆఖర్న మామగారు నొరికోకి తన భార్య గడియారం ఇస్తాడు. తిరుగు ప్రయాణంలో రైల్లో ఆ అమ్మాయి దాన్ని తెరిచి చేతిలో పట్టుకుని కూర్చుంటుంది. టోక్యోకి రావడం చూపించని ఓజు ఈ ఒక్క ప్రయాణాన్ని ఎందుకు చూపించాడో నాకు ఒక ఆలోచన ఉంది. మీరు చూశాక మీ ఆలోచన రాయండి, అప్పుడు నాది చెబుతాను.